తొలగించినను తొలగని ఫైళ్ళు

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు పేరు వినగానే మనకు సన్నని ఖాదీ గుర్తుకు వచ్చును. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, మలినము తీసి, చేతితో వడకిన నూలుతో నేయు బట్ట అది. అందులో 100 నంబరు నూలు పేరుపొందినది. 100 నంబరు అనగా ఒక పౌను బరువుగల నూలులో 840 గజముల చిలపలు 100 ఉండునని అర్థము. మొత్తము 84,000 గజములు. కిలోమీటర్లలో చెప్పినచో ఇంచుమించు 77.

ఇంత సన్నని దారములను మగ్గపు అచ్చులో ఒక్కొక్కటిగా దూర్చుట ఎంత ఓపికతో కూడిన పనియో పాఠకులు ఊహింపగలరు. అందుచేతనే చేనేతవారు ఒక పడుగు అయిపోగానే దారములను అచ్చునుండి మొదలంట లాగివేయరు. బట్టను కోసి, అచ్చులో దూరియున్న దారపు కొసలను అట్లే ఉంచి, క్రొత్త పడుగు దారములను ఆ కొసలకు ఒక్కొక్కటిగా కలిపెదరు. దీనిని అచ్చు అతుకుట అందురు. ఆ మిగిలిన కొసలు బట్ట కావు. వాటిని ఎవరును కట్టుకొనరు. కాని వాటిలో ఒక జ్ఞాపకమున్నది. దారములు ఎన్ని, వాటి వరుస ఏది, బట్ట వెడల్పు ఎంత అను సంగతులన్నియు ఆ కొసలలో నిలిచియున్నవి.

తరువాతి బట్టయు అదే తీరుదైనచో ఈ జ్ఞాపకము వరమే. ఎంతో శ్రమ తప్పును. కాని ఈసారి ముతక నూలుతో వేరు వెడల్పు బట్ట నేయవలెననుకొన్నచో పాత కొసలు అడ్డు. వాటిని గమనింపక అతికినచో దోషము క్రొత్త నూలుది కాదు, నేతగానిదియు కాదు. పాత జ్ఞాపకము క్రొత్త పనిని శాసించుటయే దోషము.

కంప్యూటరులో సరిగా ఇట్టి చిక్కే ఒకటి కలదు. ఒక సాఫ్టువేరును తొలగింతుము. కొంతకాలము తరువాత దానినే మరల స్థాపింప బూనుదుము. యంత్రము నిరాకరించును. లేదా, దానితో సంబంధమే లేని మరియొక సాఫ్టువేరు స్థాపన చెడిపోవును. విచారించి చూడగా, ఎప్పుడో తొలగించినదాని అమరిక ఫైలు ఒకటి మిగిలియుండి ఈ పని చేసినదని తేలును. ఇది యాదృచ్ఛికముగా జరుగు లోపము కాదు. ఆలోచించి ఏర్పరచిన ఒక నియమమునకు ఫలితము. ఆ నియమమును పరీక్షించి, అందులోని మంచిచెడ్డలను తూచుటయే ఈ వ్యాసము పని.

ప్యాకేజి అనగా ఏమి?

డెబియన్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు వ్యవస్థను 1993 ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డాక్ ప్రకటించెను. అందులో సాఫ్టువేరును స్థాపించుటకును తొలగించుటకును డీపీకేజీ అను ఉపకరణము ఏర్పడినది. 1994లో దాని ముఖ్యభాగమును ఇయాన్ జాక్సన్ సీ భాషలో తిరిగి వ్రాసెను. 2004లో వెలువడిన ఉబుంటు ఈ డెబియన్ పునాదిపై కట్టినదే. మన దేశములో సీ-డాక్ సంస్థ తయారుచేసిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, అనగా బాస్, కూడ డెబియన్ నుండి పుట్టినదే. అందులో తెలుగు మొదలగు భారతీయ భాషలకు సదుపాయము కలదు. పాఠశాలల కొరకు ఎడ్యుబాస్ అను కూర్పు కూడ కలదు. కాబట్టి డెబియన్‌లోని ఒక నియమము పొందూరులోని ఉన్నత పాఠశాల కంప్యూటరు గదివరకు రాగలదు.

ప్యాకేజి అనునది ఒక మూట. అందులో ప్రోగ్రాము ఉండును. దానికి కావలసిన ఇతర ఫైళ్ళు ఉండును. ప్రోగ్రాము ఎట్లు నడువవలెనో చెప్పు అమరిక ఫైళ్ళు ఉండును. ఈ చివరివాటినే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు అందురు. ఇవి సామాన్యముగా ఇటిసి అను ఫోల్డరులో చేరును. ఇవికాక, మూటను విప్పునపుడును కట్టివేయునపుడును నడుపవలసిన చిన్న చిన్న ఆజ్ఞాపత్రములు కొన్ని ప్యాకేజిలోనే ఉండును. వాటినే స్క్రిప్టులు అందురు. స్థాపన ముగియు దశలో నడచు స్క్రిప్టు సఫలమైననే స్థాపన పూర్తియైనట్లు. అది విఫలమైనచో ప్యాకేజి సగము స్థాపింపబడిన స్థితిలో నిలిచిపోవును. ఆ మీదట వేరే ప్యాకేజిని స్థాపింపబోయినను ఉపకరణము ముందుగా ఈ సగములోనున్న పనిని ముగింప యత్నించి, మరల విఫలమై, మరల అదే తప్పును చూపును. ఒక చిన్న అడ్డు మొత్తము బాటను మూసివేయును.

నియమము, అందలి మంచి

డెబియన్ నియమావళి ప్రకారము తొలగించుట రెండు విధములు. మొదటిది రిమూవ్. దీనివలన ప్రోగ్రాము పోవును, అమరిక ఫైళ్ళు మిగులును. రెండవది పర్జ్. దీనివలన అమరిక ఫైళ్ళును పోవును. ప్యాకేజి వ్రాసిన దినచర్య ఫైళ్ళును పోవలెను. ప్రోగ్రాము పోయి అమరిక మాత్రము మిగిలిన ప్యాకేజిని డీపీకేజీ తన జాబితాలో ఆర్, సీ అను రెండక్షరములతో గుర్తించును. మొదటి అక్షరము యజమాని కోరికను తెలుపును: తొలగింపుమని. రెండవది వాస్తవస్థితిని తెలుపును: అమరిక ఇంకను ఉన్నదని. సక్రమముగా స్థాపింపబడియున్న ప్యాకేజి ఎదుట ఈ చోట ఐ, ఐ అని ఉండును.

అమరికను మిగుల్చుటకు కారణమేమి? ప్రోగ్రామును ఎప్పుడైనను మరల తెచ్చుకొనవచ్చును; అది అందరికిని ఒక్కటే. అమరిక అట్టిది కాదు. ఒక ఉపాధ్యాయుడు తన పాఠశాలలోని ముద్రణ యంత్రము పేరు, పిల్లల కంప్యూటర్ల చిరునామాలు, ఎవరికి ఏ అనుమతి ఉండవలెనను సంగతి అన్నియు రెండు మూడు దినములు కూర్చుండి వ్రాసియుండవచ్చును. అది ఆయన శ్రమఫలము. దానికి మరియొక ప్రతి లోకములో ఎక్కడను లేదు. పొరపాటున ప్రోగ్రామును తొలగించినంతమాత్రమున ఆ శ్రమ అంతయు మట్టిపాలు కారాదు. ఇదియే నియమకర్తల ఉద్దేశము. ఇది మెచ్చదగినది.

ఈ గౌరవమును వారు మరియొకచోట కూడ చూపిరి. ప్యాకేజి క్రొత్త కూర్పు వచ్చినపుడు, డీపీకేజీ అమరిక ఫైలు విషయమున మూడింటిని పోల్చి చూచును: పూర్వము ప్యాకేజితో వచ్చినది, ఇప్పుడు డిస్కుపై ఉన్నది, క్రొత్తగా వచ్చుచున్నది. ప్రతి ఫైలుకు 32 అక్షరాంకెల గుర్తు ఒకటి లెక్కకట్టి, ఆ గుర్తులను సరిచూచి, యజమాని ఫైలును మార్చినాడో లేదో తెలిసికొనును. యజమాని మార్చకున్నచో మాటలేకుండ క్రొత్తది పెట్టును. ఆయనయు మార్చి, ప్యాకేజివారును మార్చినచో, ఏది ఉంచవలెనని అడుగును. ఏమియు చెప్పక మీట నొక్కినచో యజమాని వ్రాసినదానినే ఉంచును. తనకు తెలియని విషయమున అడుగుట, సందేహము కలిగినపుడు మనిషి పక్షము వహించుట: ఇంతకంటె సభ్యమైన ప్రవర్తనను యంత్రమునుండి కోరలేము.

అయిననేమి, ఈ నియమమువలన మూడు చిక్కులు పుట్టినవి. ఒక్కొక్కటిగా చూతము.

మొదటి చిక్కు: తన ఫైలే తనకు అడ్డు

దత్తాంశములను నిలువచేయు మైఎస్‌క్యూఎల్ అను ప్రోగ్రాము చాల వ్యాప్తిలోనున్నది. దాని 5.7 కూర్పులో, ఒకసారి అడిగిన ప్రశ్నకు జవాబును దాచియుంచి, అదే ప్రశ్న మరల వచ్చినపుడు వెంటనే ఇచ్చు ఏర్పాటు ఒకటి ఉండెడిది. దాని పేరు క్వెరీ క్యాష్. ఆ దాపరికమునకు ఎంత చోటు కేటాయింపవలెనో అమరిక ఫైలులో ఒక వరుస చెప్పుచుండెను. 2018లో వెలువడిన 8.0 కూర్పులో ఈ ఏర్పాటును పూర్తిగా తీసివేసిరి. ఉబుంటు 18.04లో 5.7 కూర్పు ఉండెను. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 20.04లో 8.0 కూర్పు వచ్చినది.

ఇప్పుడేమి జరుగునో చూడుడు. పాత అమరిక ఫైలులో ఆ వరుస మిగిలియున్నది. 8.0 ప్రారంభము కాగానే ఆ ఫైలును చదువును. దాపరికమునకు ఇంత చోటు అను ఆజ్ఞ కనబడును. అట్టి మాట తనకు తెలియదని చెప్పి ప్రోగ్రాము ఆగిపోవును. డెబియన్ వంశపు వ్యవస్థలలో ఇట్టి ప్యాకేజి స్థాపన చివర ప్రోగ్రామును నడిపి చూపు వాడుక గలదు. ప్రోగ్రాము నడువలేదు కాబట్టి స్క్రిప్టు విఫలమైనది. స్క్రిప్టు విఫలమైనది కాబట్టి స్థాపన చెడినది. తెరపై కనబడునది మాత్రము, స్థాపనానంతర స్క్రిప్టు 1 అను తప్పు సంఖ్యతో ముగిసినదను ఒక్క వాక్యము. పాత ఫైలు ఊసే అందులో లేదు.

యజమాని ఏమి చేయును? ప్యాకేజి చెడిపోయినదనుకొని దానిని తొలగించి మరల స్థాపించును. తొలగించినను అమరిక మిగులును గదా! మరల అదే తప్పు. పదిసార్లు చేసినను పదిసార్లు అదే ఫలితము. మార్పేమియు లేని ప్రయోగమునకు మార్పులేని ఫలితమే వచ్చునని విజ్ఞానశాస్త్ర విద్యార్థికి చెప్పనక్కరలేదు. కాని ఇచ్చట ప్రయోగము చేయువాడు తాను అన్నిటిని మార్చితిననియే భ్రమపడుచున్నాడు. ఆ భ్రమకు కారణము తొలగించుట అను మాట.

రెండవ చిక్కు: ఒకరి శేషము, మరియొకరికి శిక్ష

మొదటిదానిలో తన పాత ఫైలు తనకే అడ్డము వచ్చినది. రెండవది ఇంతకంటె విచిత్రము. ఇందులో బాధపడునది నిరపరాధి.

కంప్యూటరును వెలిగించినపుడు అనేక సేవలు ఒకదాని తరువాత ఒకటి మేల్కొనవలెను. జాలము కలియకముందు జాలముపై ఆధారపడు సేవ మేల్కొని ప్రయోజనము లేదు. పూర్వము ఈ వరుసను అంకెలతో నిర్ణయించెడివారు. చిన్న అంకెగలది ముందు, పెద్ద అంకెగలది వెనుక. 2011 ఫిబ్రవరి 6న విడుదలైన డెబియన్ 6.0లో ఇంతకంటె తెలివైన పద్ధతి ప్రవేశించినది. ప్రతి సేవయొక్క ప్రారంభ స్క్రిప్టు తలపై, నాకు ముందు ఏవేవి మేల్కొనవలెను అని వ్రాసియుండును. ఇన్‌సర్వ్ అను ఉపకరణము అన్ని స్క్రిప్టుల తలకట్లను చదివి, లెక్కవేసి, వరుసను తానే నిర్ణయించును.

ఈ ప్రారంభ స్క్రిప్టులు కూడ ఇటిసి ఫోల్డరులోనే ఉండును. అవియు అమరిక ఫైళ్ళుగానే లెక్కింపబడును. కావున ప్యాకేజిని తొలగించినను దాని ప్రారంభ స్క్రిప్టు మిగులును. నియమకర్తలు దీనిని ఊహింపకపోలేదు. ప్రతి ప్రారంభ స్క్రిప్టు ముందుగా తన ప్రోగ్రాము డిస్కుపై ఉన్నదో లేదో చూడవలెననియు, లేకున్నచో గొడవ చేయక మౌనముగా విరమింపవలెననియు వారు నియమావళిలో వ్రాసిరి. ఇది మంచి జాగ్రత్తయే. కాని ఆ జాగ్రత్త స్క్రిప్టును నడిపినపుడు మాత్రమే పనిచేయును. ఇన్‌సర్వ్ స్క్రిప్టును నడుపదు. తలకట్టును చదువును, అంతే. ప్రోగ్రాము లేని స్క్రిప్టు తలకట్టును కూడ బ్రదికియున్నదాని తలకట్టువలెనే చదువును.

ఆ పాత స్క్రిప్టులలో కొన్నిటికి తలకట్టే లేదు. మరికొన్నిటి తలకట్టు, ఇప్పుడు లేని సేవను కోరుచుండెను. లేదా, మొదటిది రెండవదానికొరకును, రెండవది మొదటిదానికొరకును కాచుకొను వలయము ఏర్పడెను. ఇట్టి స్థితిలో క్రొత్తగా వచ్చిన వేరొక ప్యాకేజి తన సేవను వరుసలో చేర్పుమని అడిగినపుడు ఇన్‌సర్వ్ లెక్క తేలదు. అది నిరాకరించును, క్రొత్త ప్యాకేజి స్థాపన విఫలమగును. డెబియన్ 5.0 నుండి 6.0కు మారునపుడు, ఫలానా ప్యాకేజి పనికిరాని ప్రారంభ స్క్రిప్టును వదలిపోయినదని చెప్పి, క్రొత్త పద్ధతికి మారకుండ ఆగిపోయిన యంత్రములు గలవు. ఆ శేషమును పర్జ్ చేసినగాని ముందుకు సాగలేదు.

ఇందులో పాఠమేమి? శేషమును ఉంచు నియమము చేసినపుడు దానిని ఎవరు చదువుదురో చూచికొనవలెను. నియమకర్తలు ఆ శేషమును దాని సొంత ప్రోగ్రాము మాత్రమే చదువునని తలచిరి. కాని ఇటిసిలో కొన్ని ఫోల్డరులు ఊరిబావివంటివి. అనేకులు వచ్చి అందులోనున్నదంతయు తోడుకొని పోవుదురు. ఒక ఫోల్డరులోని ఫైళ్ళన్నిటిని వరుసగా చదువు ప్రోగ్రాములు పెరిగినకొలది, మిగిలిపోయిన ఒక్కొక్క ఫైలు చేయగల హాని పెరిగినది.

మూడవ చిక్కు: లేమిని కూడ గౌరవించుట

మొదటి రెండు చిక్కులను చవిచూచినవాడు విసిగి, మిగిలిన ఫోల్డరును తన చేతితోనే చెరిపివేయును. ఇక పీడ వదలినదని ప్యాకేజిని మరల స్థాపించును. ఈసారి తప్పు వేరు: అమరిక ఫైలు కనబడలేదని ప్రోగ్రాము మొరపెట్టును. ప్యాకేజిలో ఆ ఫైలు ఉన్నదే, ఎందుకు రాలేదు?

డీపీకేజీ తన లెక్కల పుస్తకములో ఈ ప్యాకేజి అమరిక ఫైళ్ళ పేర్లను ఇంకను ఉంచుకొనియున్నది. డిస్కుపై చూచునపుడు ఆ ఫైలు లేదు. యజమాని కావలెనని చెరిపినాడు, ఆయన నిర్ణయమును గౌరవింతము అని తలచి, అదే కూర్పును మరల స్థాపించునపుడు ఆ ఫైలును తిరిగి పెట్టదు. ఉన్నదానిని గౌరవించిన నియమమే లేనిదానిని కూడ గౌరవించుచున్నది. తర్కములో తప్పులేదు. కాని యజమాని చేసినది నిర్ణయము కాదు, విసుగు. రెంటికిని భేదము యంత్రమునకు తెలియదు.

దీనికి మందు చేతితో చెరపుట కాదు, పర్జ్. అప్పుడు డిస్కుపైని ఫైలును, లెక్కల పుస్తకములోని పేరును రెండును పోవును. పిమ్మట స్థాపించినచో అన్నియు క్రొత్తగా వచ్చును. లేని అమరిక ఫైళ్ళను తిరిగి పెట్టుమని డీపీకేజీని బలవంతపెట్టు ఐచ్ఛికము కూడ ఒకటి కలదు.

దోషమెక్కడ?

ఈ మూడు చిక్కులను చూచి అమరికను మిగుల్చుటయే తప్పని తేల్చువారు గలరు. నేను అట్లనను. శ్రమను కాపాడు నియమము సరియైనదే. దోషము మరి మూడుచోట్ల నున్నది.

మొదటిది మౌనము. రిమూవ్ చేసినపుడు, ఈ ప్యాకేజి తొలగింపబడుచున్నదని యంత్రము చెప్పును. దాని అమరిక మిగిలియున్నదని గట్టిగా చెప్పదు. ఇంకను ఆశ్చర్యమేమనగా, మిగిలిన అమరిక ఏ కూర్పునకు చెందినదో డీపీకేజీ తన పుస్తకములో వ్రాసికొనియే ఉండును. మరల స్థాపించునపుడు, పూర్వము అమర్చిన కూర్పు ఇది అని స్థాపన స్క్రిప్టునకు ఆ సంఖ్యను అందించును కూడ. అనగా ఆ శేషము వయస్సు యంత్రమునకు తెలియును, స్క్రిప్టునకు తెలియును, యజమానికి మాత్రము తెలియదు. మీ డిస్కుపై 5.7 కూర్పు అమరిక ఉన్నది, ఇప్పుడు 8.0 స్థాపించుచున్నారు అని ఒక్క వాక్యము చెప్పినచో ఎన్ని గంటల వెదుకులాట తప్పియుండును!

రెండవది మాట. ఆంగ్లములో రిమూవ్, పర్జ్ అని రెండు మాటలైనను కలవు. చిత్రములతో కూడిన సులభ తెరలలో తరచుగా ఒకే మీట ఉండును. తెలుగులో రెంటికిని తొలగించు అని వ్రాసినచో భేదము పూర్తిగా మాసిపోవును. అనువాదకులు ఇచ్చట మాటను కాక చేయు పనిని చూడవలెను. మొదటిదానిని అమరిక ఉంచి తొలగించు అనియు, రెండవదానిని సమూలముగా తొలగించు అనియు అన్నచో పొడవైనను నిజము చెప్పినట్లగును. పిల్లవాడు మీట నొక్కకముందే ఏమి మిగులునో తెలిసికొనును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. జ్ఞాపకము వేరు, శాసనము వేరు. చనిపోయిన వాని ఉత్తరములను పెట్టెలో దాచుకొందుము. ఆ ఉత్తరములలోని ఆజ్ఞలను అనుదినము అమలుపరుపము. డీపీకేజీ పాత అమరికను దాచుచున్నది, మంచిదే. కాని దానిని అమలులోనుండు చోటనే, అమలులోనుండు పేరుతోనే విడిచిపెట్టుచున్నది. చదువువారికి అది సజీవమో నిర్జీవమో గుర్తించు చిహ్నమేదియు లేదు.

ఇతరులు త్రొక్కిన దారులు

రెడ్‌హ్యాట్ వంశపు వ్యవస్థలలో ఆర్‌పీఎం అను వేరొక ఉపకరణము కలదు. ప్యాకేజిని తొలగించునపుడు అది అమరిక ఫైలును పరిశీలించును. యజమాని ముట్టుకొననిదైనచో చెరిపివేయును. దానిని దాచి ప్రయోజనము లేదు. యజమాని మార్చినదైనచో, పేరు చివర ఆర్‌పీఎంసేవ్ అను తోక తగిలించి ఉంచును. శ్రమ పోలేదు, కాని ఆ పేరుతో దానిని ఏ ప్రోగ్రామును ఆజ్ఞగా చదువదు. ఫోల్డరులోని ఫైళ్ళన్నిటిని చదువు లాగ్‌రొటేట్ వంటివి కూడ ఈ తోకను చూచి వదలివేయును. జ్ఞాపకమును ఉంచి శాసనమును తీసివేయుట అనిన ఇదియే.

ఇందులో లోపము లేకపోలేదు. ప్యాకేజిని మరల స్థాపించినపుడు పాత అమరిక తనంతట తాను అమలులోనికి రాదు. యజమానియే తోకగల ఫైలును తెరచి, కావలసిన వరుసలను క్రొత్తదానిలో వ్రాసికొనవలెను. పొరపాటున తొలగించి, ఐదు నిముషములలో మరల స్థాపించువానికి డెబియన్ పద్ధతియే సుఖము. కొన్ని సంవత్సరముల తరువాత, కూర్పు మారినపుడు స్థాపించువానికి ఆర్‌పీఎం పద్ధతి క్షేమము. ఒకటి సౌకర్యమును, రెండవది భద్రతను ఎన్నుకొన్నవి. శేషము పాతబడినకొలది సౌకర్యము తగ్గి అపాయము పెరుగును గనుక, నా అభిప్రాయమున తక్కెడ రెండవవైపునకే మొగ్గును.

మూడవ దారి ఒకటి ఇటీవల బలపడినది. ప్యాకేజివారు ఇచ్చు అమరిక ఒకచోటను, యజమాని వ్రాసుకొన్న మార్పులు మాత్రము ఇటిసిలోను ఉండవలెనను విభజన అది. 2015 ఏప్రిల్‌లో విడుదలైన డెబియన్ 8 నుండి సేవలను మేల్కొలుపు పనిని ప్రధానముగా నిర్వహించుచున్న సిస్టమ్‌డి ఈ విభజననే పాటించుచున్నది. ప్యాకేజితో వచ్చిన సేవావివరణ యుఎస్ఆర్ అను ఫోల్డరు క్రింద ఉండును, ప్యాకేజితోపాటే పోవును. ఇటిసిలో యజమాని చేతివ్రాత మాత్రమే మిగులును. ఎవరు ఏది వ్రాసినారను ప్రశ్నకు అప్పుడు జవాబు తేలిక. డెబియన్ 6.0లో కలిగిన రెండవ చిక్కు ఈ విభజనవలన చాలవరకు సన్నగిల్లినది. మొదటి చిక్కు మాత్రము పోలేదు. యజమాని చేతివ్రాతలోనే కాలముచెల్లిన మాట ఉన్నచో దానిని ఏ విభజనయు సరిదిద్దలేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

స్థాపన చెడినపుడు కంప్యూటరు గదులలో సామాన్యముగా జరుగునదేమి? యంత్రమంతయు చెరిపి, ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి స్థాపింతురు. దానితో తప్పు పోవుట నిజమే. పిల్లలు గీసిన బొమ్మలు, వ్రాసిన వ్యాసములు, నేర్చుకొని కట్టిన చిన్న ప్రోగ్రాములు కూడ పోవును. ఇంటిలో ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు ఇది. పోయిన ఫైళ్ళకంటె పెద్ద నష్టము మరియొకటి: కారణము వెదకకయే దోషమును పోగొట్టవచ్చునను అలవాటు విద్యార్థికి పట్టుబడును. విజ్ఞానబోధకు ఇంతకంటె విరుద్ధమైనది లేదు.

కాబట్టి క్రమముగా చూడవలెను. తెరపైని చివరి వాక్యమును కాదు, దానికి పైనున్న వాక్యములను చదువవలెను. నిజమైన కారణము తరచుగా అచ్చటనే ఉండును. తరువాత డీపీకేజీ జాబితాను తెరచి, ఆర్, సీ గుర్తుగల ప్యాకేజీలు ఏవో వ్రాసికొనవలెను. చెడిన ప్యాకేజికిని వాటికిని సంబంధమేమైన ఉన్నదా, అవి ఒకే ఫోల్డరును పంచుకొనుచున్నవా అని విచారింపవలెను. అనుమానము బలపడినచో ఆ అమరిక ఫైళ్ళకు ఒక నకలు తీసి వేరుచోట భద్రపరచి, అప్పుడే పర్జ్ చేయవలెను. ఒక్కసారి ఒక్క ప్యాకేజినే మార్చి ఫలితము చూచినచో నిజమైన దోషి దొరకును.

పర్జ్ విషయమున ఒక హెచ్చరిక అవసరము. అది చీపురువంటిది, చెత్తను, జారిపడిన ఉంగరమును ఒక్కతీరుగనే ఊడ్చును. మరియాడీబీ వంటి దత్తాంశ ప్యాకేజీలు పర్జ్ చేయునపుడు, నిలువచేసిన దత్తాంశములను కూడ చెరుపవలెనా అని అడుగును. చదువక సరే అన్నచో పిల్లల మార్కుల పట్టికలు సైతము పోగలవు. కావున నకలు లేని పర్జ్ వలదు.

ఈ చిక్కును పాఠముగా కూడ వినియోగింపవచ్చును. ఎవరును వాడని ఒక యంత్రముపై ఏదైన చిన్న ప్యాకేజిని స్థాపించి, దాని అమరిక ఫైలులో ఒక వరుసను విద్యార్థిచేత మార్పింపుడు. ప్యాకేజిని రిమూవ్ చేయించి, ఇటిసిలో ఏమి మిగిలినదో చూపింపుడు. మరల స్థాపించి, తాను మార్చిన వరుస ఉన్నదో లేదో చూడుమనుడు. తరువాత పర్జ్ చేసి అదే పనిని తిరిగి చేయింపుడు. ఒక గంటలో ముగియు ఈ ప్రయోగమునకు ఖర్చేమియు లేదు. చూచిన రెండు ఫలితములను నోటుపుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాసినచో, తొలగించుట అను ఒక్క మాటలో రెండు పనులు దాగియున్నవని విద్యార్థి తానే కనుగొనును.

మనుష్యుల శ్రమను చెరుపరాదను సదుద్దేశముతో పుట్టినది ఈ నియమము. ఆ ఉద్దేశమును విడువనక్కరలేదు. మిగిల్చిన దానిని మిగిల్చితినని చెప్పవలెను; అది ఏ కాలపుదో తెలుపవలెను; యజమాని అడుగనిదే దానిని అమలులో ఉంచరాదు. ఈ మూడును పాటించు ఉపకరణము, తొలగించుము అన్నపుడు ఏమి చేయుచున్నదో నిజముగా చెప్పిన ఉపకరణమగును.